గోడ మీద అమ్మమ్మ గొంతు

"రంగులు బాగున్నాయి. కానీ వాటికీ మనిషి గొంతుకీ సంబంధం ఏంటండీ? స్క్రీన్‌సేవర్‌ని కళ అంటే ఎలా?"

'మిణుగురు' అనే ఆర్టిస్టు వీడియో కింద అతను పెట్టిన కామెంటు అది. ఆ మిణుగురు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. వీడియోల్లో ముఖం చూపించదు. చీకటి గదిలో ఎవరో మాట్లాడతారు, పల్చటి తెరల మీద వెలుగులు కదులుతాయి. లక్షలమంది చూసి మురిసిపోతారు. అతనికి మాత్రం ఒళ్ళు మండింది. చెవులు పరీక్షించి వినికిడి మిషన్లు అమర్చడం అతని ఉద్యోగం మరి.

జవాబు వెంటనే వచ్చింది. "ఫోన్‌లో చూసి తీర్పులివ్వకండి. శనివారం నుంచి ఎగ్జిబిషన్. దమ్ముంటే రండి సార్."

శనివారం కుండపోత. తడిసి ముద్దయి ఎగ్జిబిషన్ పెట్టిన పాత గోడౌన్‌లో అడుగుపెట్టాడు. ఒకమ్మాయి స్టూలెక్కి ప్రొజెక్టర్ సరిచేస్తోంది. నోట్లో స్క్రూడ్రైవర్, భుజం మీద వైరు చుట్ట.

"ఏవండీ, మిణుగురుగారు ఎక్కడుంటారు?"

ఆమె నోట్లోంచి స్క్రూడ్రైవర్ తీసింది. "ఏం పని?"

"చిన్న గొడవుంది."

"స్క్రీన్‌సేవర్ గొడవేనా?"

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె నవ్వుతూ కిందికి దూకింది.

"గొడవ తర్వాత పడదాం. ముందు ఆ మైకులో మాట్లాడండి."

"ఏం మాట్లాడను?" అన్నాడు మైకు ముందుకెళ్ళి.

అంతే, తెరలన్నిటి మీదా నీలి అలలు లేచాయి. అతను ఉలిక్కిపడి దగ్గాడు. అలలు చెదిరి నురగైపోయాయి.

"గొంతు పైకెళ్తే వెలుగు లేస్తుంది. బొంగురుపోతే అంచులు చెదురుతాయి. ఏ ఇద్దరిదీ ఒకలా రాదు," అంది ఆమె. "ప్రోగ్రామ్ రాసింది నేనే. అయినా ఏమొస్తుందో నాకూ ముందు తెలీదు."

క్లినిక్‌లో రోజూ కంప్యూటర్ మీద శబ్దాల గీతలు చూస్తూనే ఉంటాడు. అవి ఇలా ఊపిరి పీల్చగలవని ఎన్నడూ అనుకోలేదు.

"మా అమ్మమ్మని తీసుకురావచ్చా?" అన్నాడు.

జ్వరం వచ్చి అమ్మమ్మకి వినికిడి పూర్తిగా పోయింది. అతను పెట్టిన మిషన్ ఒక్కటీ పనిచెయ్యలేదు. తన మాట తనకే వినపడకపోయేసరికి, ఎలా పలుకుతున్నానో ఏమోనని సిగ్గుపడి మాట్లాడడమే మానేసింది. ఇల్లంతా నవ్వించిన మనిషి.

అతను చెప్పిందంతా విని మిణుగురు కళ్ళలో అల్లరి ఆగిపోయింది. "రేపు జనం రాకముందే రండి."

మర్నాడు అమ్మమ్మని తెరల ముందు కూర్చోబెట్టారు. మాట్లాడమని సైగ చేస్తే అడ్డంగా తలూపింది. మిణుగురు ముందుగా ఏదో కూనిరాగం తీసింది. లేత ఆకుపచ్చ దారాలు అల్లుకున్నాయి. అతను "అమ్మమ్మా" అన్నాడు. నీలి అల లేచింది. అమ్మమ్మ మనవడి పెదాల వంక, గోడ వంక మార్చి మార్చి చూసింది. మెల్లగా మైకు దగ్గరకు వంగింది.

"ఒరేయ్..."

బంగారు రవ్వలు నేల మీంచి లేచి పైకప్పు దాకా విచ్చుకున్నాయి. వయసు తెచ్చిన వణుకు ప్రతి రవ్వనీ రెపరెపలాడించింది. కీబోర్డు మీద మిణుగురు చేతులు అలాగే ఉండిపోయాయి.

"నాదేనా?" అంది అమ్మమ్మ. గదంతా మళ్ళీ వెలిగింది. "నాదే!"

ఇక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరం? మనవణ్ణి తిట్టింది, లాలిపాట సగం పాడింది, నవ్వింది. ఆ వెలుగులో ముగ్గురి చెంపలూ తడిగా మెరిశాయి.

"ఇది పోస్ట్ చేస్తారా?" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "లక్షలమంది చూస్తారు."

"చెయ్యను. ఇది మీ ఇంటిది," అందామె. ఆ ఒక్క మాటతో అతను పూర్తిగా పడిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అమ్మమ్మ రావలసిందే, అతను తీసుకురావలసిందే. ఒకసారి ఆవిడ రహస్యం అనుకుని గోడౌన్ దద్దరిల్లేలా అడిగింది: "గోడ చూడరా అంటే ఆ పిల్లని చూస్తావేంట్రా?" బంగారు రవ్వలు తెరలన్నీ నింపేశాయి. దాక్కోవడానికి ఇద్దరికీ చీకటి మిగల్లేదు.

ఎగ్జిబిషన్ ఆఖరి రోజున అమ్మమ్మని వెనక కుర్చీలో కూర్చోబెట్టి అతను మైకు ముందు నిలబడ్డాడు.

"మీతో ఒక మాట చెప్పాలి."

నీలి అల గజగజలాడింది.

"ఏంటండీ, అలా వణుకుతోంది?" అందామె.

"వణకదా మరి? మీరంటే ఇష్టమని చెప్తున్నా."

ఆమె తల వంచుకుంది. తర్వాత మైకు దగ్గరకొచ్చి, ఊపిరికంటే కాస్త గట్టిగా, "నాకూ..." అంది.

ఆకుపచ్చ దారం ఒక్కటి మెల్లగా సాగి, నీలి అలని చుట్టుకుని, దానితోపాటే పైకి లేచింది.

"ఏం మాట్లాడుకున్నార్రా?" అంది వెనకనుంచి అమ్మమ్మ. మనవడు చెప్పబోతే చెయ్యడ్డం పెట్టింది. "వద్దులే. కనిపిస్తూనే ఉందిగా!"

లేచొచ్చి ఇద్దరి తలల మీదా చేతులుంచింది.