పచ్చగా మిగిలిన పుంటికూర

"పరాయోళ్ల దావత్‌ల ఏమన్న కలిపితే ఎట్ల బిడ్డా?" జనగామలో కారెక్కుతూనే అంది మరియం బీ. ఒళ్లో టిఫిన్ డబ్బా.

హుమేరా నవ్వేసింది. నవ్వినందుకు లోపల ముల్లు గుచ్చుకుంది. తల్లికి తెలిసినంతవరకు ఆమె వ్యవసాయ శాఖలో క్లర్కు. అసలైతే గూఢచారి, ఏజెంట్ సెవెన్. ముసలి తల్లిని వెంటబెట్టుకొచ్చిన ఆడమనిషిని ఎవరూ అనుమానించరని చీఫ్ అన్నప్పుడు ఆమె కాదనలేదు.

బ్రీఫింగ్ చిన్నదే. ఆకుల్లో పత్రహరితాన్ని చంపే మందును బ్లాక్ లీఫ్ అనే విదేశీ ముఠా తయారుచేసింది. పత్రహరితం లేకపోతే ఆకు ఎండతో తన తిండి తాను వండుకోలేదు. చేను పాలిపోయి ఆకలితో చస్తుంది. భూపాలపల్లి మిర్చి చేలలో ట్రయల్ కూడా అయింది. విరుగుడు తెలిసింది డాక్టర్ భాస్కర్ ఒక్కడికే. మహబూబాబాద్ గెస్ట్‌హౌస్ విందులో ఆయన ప్రాణం కాపాడాలి.

గేటు దగ్గర పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో గీతాంజలి. డిపార్ట్‌మెంట్ కొత్తగా పంపిన ఏజెంట్.

"ఎండ ఎట్లుంది?" హుమేరా కోడ్ వేసింది.

"ఆకుకు సరిపోయేంత."

వంటంతా తానే చెక్ చేశానని గీతాంజలి చెవిలో చెప్పింది.

పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, వడ్డించారు. చిలకపచ్చగా నిగనిగలాడుతోంది. మరియం బీ తన డబ్బా తెరిచి, ఇంటి కూర రుచి చూడమని భాస్కర్ ముందుకు జరిపింది. అదీ పుంటికూరే, గోధుమరంగులో. గీతాంజలి బతిమాలితే మొహమాటానికి మరియం బీ మాత్రం విందు పప్పే కలుపుకుంది.

హుమేరా రెండు కూరలనూ చూసింది. పత్రహరితం గుండెలో ఉండేది మెగ్నీషియం. పొయ్యి మీద పుంటికూర పులుపు దాన్ని పీకేస్తుంది, పచ్చదనం పోతుంది. వండినా పచ్చగా ఉందంటే ఆ చోట రాగి కూర్చుంది. మైలుతుత్తం, రాగి విషం!

విందు పప్పు ముద్దలతో భాస్కర్ చెయ్యి, తల్లి చెయ్యి ఒకేసారి నోటి దాకా లేచాయి. ముందు భాస్కర్ చేతిని కొట్టింది. తర్వాతే తల్లిది.

గీతాంజలి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్తోలు కోసం వెళ్లింది. అంతలోనే హుమేరా పెన్నులోంచి మత్తు సూది దూసుకెళ్లింది.

"ఎన్నడన్న పుంటికూర వండినవా అక్కా?"

హుమేరా అడిగేసరికే గీతాంజలి కుర్చీలో ఒరిగిపోయింది.

తిరుగుదారిలో హుమేరా అంతా చెప్పేసింది. నౌకరీ, విషం, పచ్చరంగు, ముందు కొట్టింది ఎవరి చేతినో కూడా. మాఫ్ చెయ్యమంది. కారు తొర్రూరు దాటింది. పాలకుర్తి దాటింది. జనగామ దీపాలు కనబడ్డాక మరియం బీ డబ్బా మూత తీసింది.

"మాఫ్ సంగతి తర్వాత జూస్త. పొద్దటిసంది నువ్వేం తినలె. జర బండాపు, డబ్బల ఇంకింత కూరుంది. గిది పచ్చగ లేదులే, తిను."