ఫోను మోగని ఊరు

పొద్దున్నే యల్లక్క పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. ముందురోజే బెంగళూరు నుంచి వచ్చిన ఆమె కూతురు భవ్య వాకిలి ఊడుస్తోంది. పారుడు రోగం తగిలి వారంలో నలభై గొర్రెలకు ముప్పైఒకటి చచ్చాయని తెలిసి పరుగెత్తుకొచ్చిన పిల్ల. నాయన ఓబుళప్ప దాదాపు ఖాళీ అయిన దొడ్డిలో కూర్చున్నాడు. పరిగి దగ్గర ఆ ఊళ్ళో ఏ దొడ్డి చూసినా అదే గతి.

అప్పుడొచ్చాడు చిన్నాయన హనుమంతు, పెనుకొండ అవతలి తన ఊరి నుంచి, మోపెడ్ మీద రెండు గొర్రెపిల్లల్ని వేసుకుని. అన్నకిచ్చి ఓదారుద్దామని తెచ్చాడు పాపం. వాటిని చూడగానే ఓబుళప్పకు ఒళ్ళు మండింది. నీ మంద ఎట్లా బతికిందని అడిగాడు. టీకా వేయించమని నెల కిందటే ఫోనొచ్చిందని తమ్ముడన్నాడు.

అంతే, గొర్రెలు తోలే కట్టె లేచింది. మొదటి దెబ్బకు హనుమంతు మోచేయి విరిగిన చప్పుడు భవ్యకు వాకిట్లోకి వినిపించింది. రెండోది నెత్తిన పడింది. అడ్డమొచ్చిన యల్లక్కను ఓబుళప్ప గోడకేసి తోశాడు.

"తోడబుట్టినోనికి ఒగ మాట చెప్పకపోతివే!"

హనుమంతు నెత్తి మీంచి కారే నెత్తురు తుడుచుకుంటూ అన్నాడు. "ఒగ నాకే వచ్చింటే చెప్పకుండా ఉంటానా అన్నా? మా ఊర్లో అందరికీ వచ్చె. మీ ఊర్లోనూ మోగింటాదిలే అనుకుంటి."

ఓబుళప్ప నమ్మలేదు. చూరులోంచి వేటకొడవలి లాగాడు.

భవ్యకు మాత్రం ఆ మాట గుండెలో దిగింది. ఆ ఫోన్లు చేయించింది తనే. గొర్రెల కాపరులకు జబ్బుల కబుర్లు పంపే యాప్‌లో ఆమె ఉద్యోగం. మెసేజ్ మేలా, ఫోన్లో గొంతుతో చెప్పడం మేలా తేల్చాలనుకున్నారు. మనిషికొక తీరు పంపితే, ఫోనొచ్చినవాడు రానివాడికి చెప్పేస్తాడు, పరీక్ష చెడుతుంది. కాబట్టి ఊళ్ళకు ఊళ్ళనే ఫోను కుప్ప, మెసేజ్ కుప్ప అని రెండుగా చేద్దామని చెప్పి మెచ్చుకోలు కొట్టేసింది భవ్యే. కంప్యూటర్ చీటీలు వేసినట్టు పంచింది. తన ఊరు మెసేజ్ కుప్పలో పడిందని చూసి కూడా, వేలు పెడితే లెక్క తప్పుతుందని ఊరుకుంది. నాయనకు అక్షరం ముక్క రాదని తెలిసీ! పాడు తెలివి కాకపోతే ఏమిటి?

కొడవలి దిగేలోపు భవ్య ఒట్టి చేత్తో పట్టుకుంది. అరచేయి తెగి నెత్తురు కారుతున్నా వదల్లేదు.

"చిన్నాయన్ని కాదు, నన్ను నరుకు నాయనా," అని ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.

ఓబుళప్ప కొడవలి వదిలి కూతురి చెంప పగలగొట్టాడు. "మేం ఒకరికొకరు చెప్పుకోకూడదని ఊర్లు పంచితివా? నోరుండే మనుషులం గదమ్మే!"

ఇంకో దెబ్బకు లేచిన చేయి గాల్లోనే ఆగింది. అతని చూపు తమ్ముడి మీద పడింది. కూలబడిపోయి, తలగుడ్డ విప్పి, తమ్ముడి విరిగిన చేతిని గుండెకానించి కట్టాడు. చంపుకునేవాణ్ణి గదరా అని బావురుమన్నాడు. యల్లక్క కొంగు చింపి కూతురి చేతికి చుట్టింది.

హిందూపురం ఆసుపత్రికి ఆటో వచ్చింది. హనుమంతు ఎక్కలేదు.

"మెసేజ్ పోయిన ఊర్లలో జబ్బు తగలనివి ఇంకా ఉండాయా పాపా?"

నాలుగున్నాయి, ధర్మవరం వైపు, అంది భవ్య.

"నా చేయి ఎట్లాగూ విరిగిపోయె. ముందు వాళ్ళకు చెప్పు."

ఆఫీసుకు చేస్తే, పరీక్ష ఇంకో నాలుగు రోజులుంది, చెడగొట్టొద్దన్నారు. భవ్య ఫోను పెట్టేసి, ఆ ఊళ్ళ కాపరులకు తనే ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టింది. టీకా సంగతి చెప్పి, మీకు ఈ కబురు చేరనీయకుండా చేసింది నేనే, క్షమించండి అంది. మాటలు వెక్కిళ్ళలో తెగిపోతున్నాయి. కట్టు తడిసి వేళ్ళు జారుతుంటే, ఫోను ఓబుళప్పే తీసుకుని కూతురి చెవి దగ్గర పట్టుకున్నాడు.