పద్నాలుగో పేజీ

"సార్, గీ పేరా పోయిన నెల కూడా నేనే టైప్ చేసిన."

యాదలక్ష్మి మానిటర్ మీంచి చూపు తిప్పకుండానే అన్నది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక గల్లీలో, రెండు కోచింగ్ సెంటర్ల నడుమ ఇరుక్కున్న డీటీపీ సెంటర్ అది. బయట వాన పడుతోంది.

"ఏ పేరా?"

"'ఈ కవితల్లో మట్టి వాసన ఉంది, మనిషి తడి ఉంది.' నాలుగు పుస్తకాలకు ఇదే రాసిండ్రు. పేరు మార్చి కాపీ పేస్ట్ కొట్టాల్నా, మళ్ల టైప్ చెయ్యాల్నా?"

నాకు మాటలు తక్కువ. నల్గొండ దిక్కు పల్లె బడిలో తెలుగు సార్ ఇచ్చిన పుస్తకాలు చదివి కవినయ్యాను. ఇప్పుడు పత్రికలకు పుస్తక సమీక్షలు, కొత్త కవులకు ముందుమాటలు రాసి బతుకుతున్నాను. ఈ నెల పదకొండు ముందుమాటలు. సొంత కవిత రాసి రెండేళ్లయింది. చదవకుండా మెచ్చుకోవడం ఎప్పుడు అలవాటైందో గుర్తు లేదు.

"గీ గీత అనే ఆమె పుస్తకం అసలు చదివిండ్రా?"

"చదివిన."

"పద్నాలుగో పేజీల కవిత ఎట్లున్నది?"

"బాగున్నది. మట్టి వాసన..."

"దాంట్ల మట్టి లేదు సార్. బెంచీ ఉన్నది."

లోపలి గదిలోంచి ఓనర్ సీతారాములు అరిచాడు. "ఏందమ్మా, మహిపాల్ సార్‌ను పరేషాన్ చేస్తున్నవ్? సాయంత్రం ప్రెస్సుకు పోవాలె గది!"

"పోదు సార్. ముందుమాట ఇంకా రాలే."

ఆమె ప్రింటు తీసిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. గొంతు మాత్రం చాలా మెల్లగా ఉంది.

"చదివి రాయుండ్రి. లేకుంటే వద్దు. ముందుమాట లేకున్నా పుస్తకం అచ్చయితది."

ఎల్బీ నగర్‌లో దిగాలని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పద్నాలుగో పేజీ తీశాను.

*బెంచీ మీద ఒకాయన నిద్రపోతడు*
*వేలు మాత్రం పుస్తకంలోనే ఉంటది*
*ఏ పేజీ కాడ ఆగిండో చూద్దామని*
*రోజూ ఆయన ప్రూఫే ఆలస్యం చేస్త*

మళ్లీ చదివాను. ఆ సెంటర్‌లో అందరి ప్రూఫులూ గంటలో వచ్చేవి. నాది మాత్రం రాదు. "కరెంట్ పోయింది సార్, జర కూసోండ్రి." "టోనర్ అయిపోయింది సార్, జర కూసోండ్రి." రెండేళ్లుగా అదే బెంచీ మీద కూర్చున్నాను. అలసిపోయి నిద్రపోయాను. గీత అనే కలం పేరు ఎవరిదో ఒక్కసారీ అడగలేదు.

మొదటి పేజీకి వెళ్లాను. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో లారీలు దించే నాన్న, ఆయన అంగీకి పట్టిన బత్తాయి వాసన, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. ఎన్నాళ్ల తర్వాతో, మెచ్చుకోవడం మరిచిపోయి చదివాను.

"దిగవా అన్నా? లాస్ట్ స్టాప్ ఇది," అన్నాడు కండక్టర్. ఎల్బీ నగర్ ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు పొద్దున్నే చేత్తో రాసిన ఒక్క కాగితం ఆమె ముందు పెట్టాను. టకటకా టైప్ చేసుకుంటూ పోయి, చివరి వాక్యాల దగ్గర ఆగింది. నెమ్మదిగా పైకి చదివింది.

"'ఈ పుస్తకానికి ముందుమాట రాసే అర్హత నాకు లేదు. పద్నాలుగో పేజీలో నిద్రపోతున్నది నేనే. లేచాను.'"

కీబోర్డు మీంచి చేతులు తీసి నా వైపు తిరిగింది.

"గిది అచ్చుల ఉండాల్నా?"

"ఉండాలె."

"మా నాయిన చదువుతడు సార్."

"చదవాలనే రాసిన."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "అయితే అచ్చయ్యేదాకా ఎందుకు? ఆదివారం మార్కెట్‌కు రాండ్రి. లారీ ఖాళీ అయినంక నాయినకు నోటితోనే చెప్పుండ్రి. ఆడ కాపీ పేస్ట్ నడువదు."

"నాకు మాటలు రావు."

"నాకు తెల్వదా? పక్కన నేనుంట."

ఏం చేయాలో తోచక అడిగాను. "ప్రూఫు ఎప్పుడిస్తరు?"

"కరెంట్ పోయింది సార్. జర కూసోండ్రి."

తల మీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. నిద్ర రాలేదు.