రెండంగుళాల మడత

కొత్త ప్యాంటు తొడుక్కుని రెండు వీధులు నడిచాక గానీ అతనికి అనుమానం రాలేదు. పాదాల దగ్గర బట్ట బరువుగా ఊగుతోంది. ఒక గోడ పక్కన ఆగి అంచు తిరగేసి చూశాడు. లోపల రెండంగుళాల గుడ్డ మడిచి, పొడవాటి వదులు కుట్లతో దాచి ఉంది.

ఆ కుట్లు అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు అతని బట్టలన్నిటికీ అమ్మ అలాగే వేయించేది. పిల్లలు పెరుగుతారు కదా, ఏడాదికోసారి విప్పుకోవచ్చని. అతని మడతలు విప్పే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడతనికి ముప్పై ఒకటి. ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలు.

వాన మొదలైంది. పడాలా వద్దా అని తేల్చుకోలేనట్టు నాలుగు చినుకులు రాల్చి ఆగింది, మళ్ళీ నాలుగు రాల్చింది. అతను మాత్రం తేల్చుకున్నాడు. వెనక్కి తిరిగి నేరుగా బట్టలు కుట్టే దుకాణానికి నడిచాడు.

టైలరమ్మ మిషను మీద వంగి ఉంది. ఆమె చుట్టూ నీలం యూనిఫాం గుడ్డల గుట్టలు. మూల కుర్చీలో ఆమె నాన్న. ఒకప్పుడు ఆ దుకాణానికి మాస్టరు. ఇప్పుడు చూపు మసకబారి, వేళ్ళతో తడిమి బొత్తాలు ఏరుతున్నాడు.

"ఇదేంటండీ?" అతను అంచు చూపించాడు.

"మడత."

"మడతని తెలుసు. దేనికి వదిలారు?"

ఆమె పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఆలోచించుకోడానికి వ్యవధి కావాలి కదా.

"బడులు తెరిచే నెలండీ. పొద్దున్నుంచీ అన్నీ పిల్లల బట్టలే. చెయ్యి దానంతటదే వదిలేసింది."

"కొలతలు తీసుకునేటప్పుడు నా మొహం చూళ్ళేదా?"

"చూశాను. అందుకే నడుము దగ్గర పెద్దవాళ్ళ పట్టీ వేశాను."

"అంటే నడుందాకా పెద్దవాణ్ణి, అక్కణ్ణుంచి కిందికి బడిపిల్లాణ్ణా?"

మూలనున్న పెద్దాయన పకపకా నవ్వాడు. నవ్వేసరికి పై పళ్ళ సెట్టు టక్కున జారింది. నాలుకతో దాన్ని పైకి నెట్టుకుని అడిగాడు. "ఎవరమ్మా ఆ కుర్రాడు?"

"కుర్రాడు కాదు నాన్నా. చాలా పెద్దమనిషిలా దెబ్బలాడుతున్నారు."

అతని చూపు పెద్దాయన నోటి మీదే ఆగింది. "మీ సెట్టు ఎన్నేళ్ళ కిందటిదండీ? చిగుళ్ళు తగ్గాయి, అది తగ్గలేదు. అందుకే జారుతోంది."

"మీకెలా తెలుసు?" అంది ఆమె.

"నా పనే అది. ల్యాబులో పళ్ళ సెట్లు చేస్తాను."

"పాలపళ్ళా?"

అనేశాక నాలుక కరుచుకుంది. అతనికి కోపం రావాలి. నవ్వొచ్చింది. అమ్మ పోయిన ఈ పది నెలల్లో నవ్వు రావడం అదే మొదటిసారి.

పరదా వెనక అతను తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే, ఆమె ఆ మడత కత్తిరించి అంచు మళ్ళీ కుట్టిచ్చింది. సారీ మాత్రం చెప్పలేదు.

మర్నాటి నుంచి పెద్దాయన పళ్ళ పని మొదలైంది. వీధిలో అతన్ని పళ్ళాయన అంటారు. అలా అనేది మర్యాదస్తులు. మిగతావాళ్ళు బుడ్డోడంటారు, అతను వినేటట్టే. ల్యాబులో పొడవాటి బల్ల ముందు పీట వేసుకుని దానిమీద నిలబడి పని చేస్తాడు. తెల్ల పిండి పోసి దవడ అచ్చు తీస్తాడు, మైనంలో పళ్ళు నిలబెడతాడు, నోట్లో పెట్టి సరిచూస్తాడు. డాక్టరు అచ్చు తీసిస్తే చాలు, మిగతాదంతా అతని వేళ్ళలోనే ఉంది.

"ఇప్పుడు ఏదైనా మాట్లాడండి," అన్నాడు మైనం పళ్ళు అమర్చి.

"ఏం మాట్లాడను బాబూ?"

"మీ అమ్మాయిని తిట్టండి."

"అది రోజూ చేసే పనే. వేళకి తినవు, వంగి వంగి వెన్ను పాడుచేసుకున్నావు, ముప్పై దాటినా..."

"ఆగండి. 'వ' సరిగ్గా పలకట్లేదు. ఇంకోసారి తిట్టండి."

"మీ ఇద్దరికీ వేరే పని లేదా?" అంది ఆమె. అతను పళ్ళు చూస్తున్నట్టే ఉండి ఆమెని చూశాడు. ఆమె అరలో ఉన్న పిండి దవడలని చూస్తున్నట్టే ఉండి అతన్ని చూసింది. ఆ దవడలన్నీ పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాయి.

ఒక సెట్టుకి మూడుసార్లు వస్తే చాలు. వాళ్ళు ఆరుసార్లు వచ్చారు. పెద్దాయనకి చూపు లేదు గానీ లెక్క ఉంది. ఊరుకున్నాడు.

అతని జబ్బు సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తలలో బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంటుంది. ఒంటిని పెంచే రసం అక్కడే ఊరాలి. అతనికి ఊరలేదు. తొమ్మిదో ఏట డాక్టర్లు కనిపెట్టి, రోజూ ఇంజక్షన్ వెయ్యమన్నారు. రెండేళ్ళు వేశారు. పిల్లాడి ఒళ్ళు సూదులకి హూనం అవుతుంటే చూడలేక తల్లి ఆపేసింది. దేవుడి మీద భారం వేసి, రోజూ ఉపవాసాలుండి ప్రార్థించింది. మళ్ళీ మొదలుపెట్టేసరికి అతనికి పదిహేడు. ఆలస్యమైపోయింది.

దేవుడు వినలేదా అంటే, వినలేదనడానికి నోరు రాదు. వినే ఉంటాడు. జవాబు ఎక్కడో పై అరలో పెట్టి ఉంటాడు, పిల్లాడికి అందలేదు. అంతకన్నా ఏం చెప్పుకోగలం. మందు కూడా ఆయనే ఇచ్చాడని ఆ తల్లికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ తప్పు ఆమెని వదల్లేదు. పెద్దయ్యాక కూడా అతనికి ఆ మందు అవసరమే. ఎత్తుకి కాదు, ఎముకలకి, గుండెకి, ఒంట్లో సత్తువకి. ప్రతి సాయంత్రం తల్లి ఫ్రిజ్‌లోంచి ఇంజక్షన్ మందు పెన్ను తీసి అతని కంచం పక్కన పెట్టేది. ఆమె పోయాక పెన్ను ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఎవరూ తీసి పెట్టలేదు, అతనూ తీసుకోలేదు. పొద్దున్నే మంచం దిగడమే బరువైంది. ల్యాబు మెట్లు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. బతకాలన్న కోరిక కూడా కొంచెం కొంచెంగా సన్నబడుతోందని అతనికి తెలుసు.

పెద్దాయనకి కొత్త సెట్టు పెట్టిన రోజునే, దవడ అచ్చుల పళ్ళెం పట్టుకుని పీట దిగబోయి అతను పడ్డాడు. పడిన ఎత్తు జానెడు. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రికి ఆమే తీసుకెళ్ళింది. పెద్దాయన ఆమె భుజం పట్టుకుని వెంట నడిచాడు. ఇన్నాళ్ళూ ఇతరుల దవడలకి పోసిన తెల్ల పిండి ఇప్పుడతని చేతికే గట్టిపడింది.

"మందు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వేసుకుంటున్నాను."

"మీ రక్తం అలా చెప్పట్లేదే. ఎముకలు ముసలివాళ్ళవిలా ఉన్నాయి. ఇది అతికినా పాత పట్టు వస్తుందని మాటివ్వలేను."

బయట వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. అతని కాళ్ళు నేలకి అందలేదు.

"మందుంది. మీరు వేసుకోలేదు," అంది ఆమె.

"వేసుకుంటే పెరుగుతానా?"

"పెరుగుతారని నేను ఎదురుచూస్తున్నానా?"

అతను వేలాడుతున్న కాళ్ళు బల్ల కిందికి ముడుచుకున్నాడు.

"పోయిన వారమే నాన్నతో చెప్పాను. చేసుకుంటే పళ్ళాయన్నే చేసుకుంటానని. మీతో చెప్పేలోపు మీరు చెయ్యి విరక్కొట్టుకున్నారు."

"అది జాలండీ."

"జాలిపడేదాన్నైతే మొదటిరోజే సారీ చెప్పేదాన్ని. చెప్పానా?"

"లేదు."

"మరి."

"మీకు తెలీదు," అన్నాడతను, కట్టు వంక చూస్తూ. "నాకు పిల్లలు పుడతారో లేదో డాక్టరమ్మ కూడా ఖాయంగా చెప్పలేదు. ఇప్పుడీ చెయ్యి పోతే పని పోతుంది. మీరు నన్ను మొయ్యాలి."

"నా భయమూ అదే బాబూ," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. కొత్త పళ్ళతో ప్రతి అక్షరమూ స్పష్టంగా వచ్చింది. "పొట్టీ పొడుగూ నాకెప్పుడో పోయాయి, నా కంటికి అందరూ మసకే. కానీ ఇది ఎనిమిదేళ్ళు మంచంలో ఉన్న వాళ్ళమ్మకి చాకిరీ చేసింది. ఇప్పుడు నాకు చేస్తోంది. నా తర్వాత నీకు చెయ్యాలా? దీని బతుకులో దీనికంటూ ఒక్క పూటైనా ఉండొద్దా?"

"నిజమేనండీ," అన్నాడతను.

"బాగుంది. ఇద్దరూ ఏకమై నా గురించి భయపడుతున్నారు, నన్నడక్కుండా." ఆమె లేచి నిలబడింది. గొంతు పెరగలేదు గానీ కళ్ళు ఎర్రబడ్డాయి. "మోసేదాన్ని నేను. బరువెంతో నేను చెప్పాలి. నాకు పెళ్ళి మాట ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఆ మందు వేసుకుంటారా లేదా, అదొక్కటి తేల్చుకోండి. వేసుకోనంటే మాత్రం మా దుకాణం వైపు రావద్దు. పోతున్నవాళ్ళ పక్కన కూర్చోడం నాకు వచ్చు. పోవాలనుకునేవాళ్ళ పక్కన కూర్చోడం నావల్ల కాదు."

డాక్టరమ్మని ఏదో అడగాలంటూ పెద్దాయన గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. వచ్చాక తండ్రీ కూతుళ్ళు వెళ్ళిపోయారు.

మూడు రోజులు అతను రాలేదు. ఆమె కుట్టిన యూనిఫాంలలో రెండు జతలకి చేతులు తిరగబడ్డాయి. విప్పి మళ్ళీ కుట్టింది. వాళ్ళ నాన్న తిట్టలేదు.

నాలుగోరోజు దీపాలు పెట్టే వేళకి అతను దుకాణం గడప దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. ఎడం చేతిలో చిన్న ఐసు డబ్బా.

"డాక్టరమ్మ కొత్త పెన్ను రాసిచ్చారు," అన్నాడు.

"ఎడం చేత్తో వేసుకోడం రావట్లేదా?"

"అదే చెబుదామనుకున్నాను. కానీ వస్తుంది. పొద్దున అద్దం ముందు పట్టుకుని చూశాను."

"మరెందుకొచ్చారు?"

అతను డబ్బా వైపు చూశాడు, మిషను వైపు చూశాడు, తప్పించుకోడానికి ఇంకేమీ దొరక్క ఆమె వైపు చూశాడు.

"ఒక్కణ్ణే వేసుకోవాలనిపించలేదు."

ఆమె కత్తెర పక్కన పెట్టి చేతులు కడుక్కొచ్చింది.

"వేస్తే ఏమవుతుంది?"

"బయటికేమీ కనపడదు. మెట్లెక్కితే ఆయాసం తగ్గొచ్చు. పడితే విరక్కపోవచ్చు. తగ్గొచ్చు, విరక్కపోవచ్చు అనే అన్నారు. ఖాయం ఏదీ లేదు."

"ఎన్నాళ్ళు వెయ్యాలి?"

"ఉన్నన్నాళ్ళూ. రోజూ."

"రోజూ," అంది ఆమె, ఆ మాట బరువు చేత్తో చూస్తున్నట్టు.

"తలుపు దగ్గరగా వెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. "వీధిలోకి కనపడుతుంది. పొట్టమీద వేస్తారట కదా. నిన్న వేసిన చోట ఇవాళ వెయ్యకూడదట."

"నీకెవరు చెప్పారు నాన్నా?"

"ఆవేళ డాక్టరమ్మని అడిగాను. వేలు పెట్టి చూపించిందిలే." ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నాకిప్పుడు కూడా భయంగానే ఉంది. అది వేరే సంగతి. కానివ్వండి."

పరదా వెనక అతను చొక్కా కొంచెం పైకి తీశాడు. పెన్ను తోక ఎంతదాకా తిప్పాలో చెప్పాడు. ఆమె తిప్పింది. రెండు వేళ్ళతో చర్మం పట్టుకుంది. పదిహేనేళ్ళుగా సూదితో బతుకుతున్న చెయ్యి, ఎక్కడ గుచ్చాలో రెండుసార్లు సరిచూసుకుంది.

"గుచ్చాక పది లెక్కపెట్టి తియ్యాలి," అన్నాడు.

"నొప్పి పెడితే చెప్పండి."

"పెడుతుంది. చెప్పను."

ఆమె గుచ్చింది. అతను మెల్లగా లెక్కపెట్టాడు. బయట పెద్దాయన పెదాలు కూడా కదులుతున్నాయి, లెక్కో ప్రార్థనో.

"పదయిందండీ," అన్నాడతను.

"తెలుసు," అంది ఆమె. ఇంకాసేపు తియ్యలేదు.