ఐదు జాగల అల్లుడు

రోజారమణి ప్రమోద్‌తో అన్న మొదటి మాట "పక్కకు జరుగు." ప్రమోద్ జరగలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆలేరు గ్రౌండులో ఆ రోజు బాస్కెట్‌బాల్ టీముకు సెలెక్షన్లు. కోచ్ రోజారమణి నేత పని చేసే వెంకటనర్సు కూతురు. మెడలో విజిలు, ముక్కు మీద కోపం. ప్రమోద్ కరెంటాఫీసులో లైన్‌మన్. నిచ్చెన లేకుండానే సగం పని కానిచ్చే ఎత్తు. చిన్నప్పటి నుంచీ బుట్ట కింద నిలబడటం, అందిన బంతిని అందులో వేయడం, అంతే. అంతకుమించి ఆట ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

బంతి కొట్టుకుంటూ ఉరకమంది ఆమె. ఉరికాడు. బంతి ఒక దిక్కు పోయింది, తను ఒక దిక్కు పోయాడు.

"నా టీముల ఐదుగురూ ఐదు జాగలల్ల ఆడాలె. నీకు ఒక్క జాగనే తెలుసు. స్తంభాలు మీ ఆఫీసుకు కావాలె, నాకొద్దు."

ఇంత మాట పడ్డ మనిషి ఇంటికి పోయి అన్నం మానేయాలి. ప్రమోద్ మాత్రం ఆమె విజిలు తాడును వేలికి చుట్టి విప్పడం చూస్తూ ఉండిపోయాడు. వాన మొదలైంది. అందరూ షెడ్డు కిందికి ఉరికారు. అతను ఉన్న జాగలోనే ఉండి తడిశాడు. స్తంభానికి వానేం లెక్క.

ఈ ఐదు జాగల పిచ్చి ఆమెకు ఇంటి నుంచే అంటుకుంది. వాళ్ళింట్లో ఒకరి చేయి తిమ్మిరెక్కితే "మార్చు" అని కేకేస్తారు. మగ్గం మీదివాళ్ళు రాట్నానికి, రాట్నం దగ్గరివాళ్ళు పొయ్యికి, ఎవరి పనిలోకైనా ఎవరైనా. రోజారమణి ఆ "మార్చు"ను "స్విచ్" చేసి గ్రౌండుకు తెచ్చింది. ఆ కేక పడితే ఆమె టీములో పొట్టివాడు బుట్ట కింద కాస్తాడు, పొడుగువాడు బంతి నడుపుతాడు. రిఫరీకే తల తిరుగుతుంది. ఆ తర్వాత అదే మాటను మళ్ళీ ఇంటికి మోసుకొచ్చింది. ఇప్పుడు స్విచ్ అంటే వాళ్ళ అవ్వ నర్సింగమ్మ కూడా లేచి నిలబడుతుంది.

చేతులు సాపుగా తిరగాలంటే ఏం చేయాలని ప్రమోద్ అడిగితే, మా ఇంటికొచ్చి ఆసు పొయ్యమంది, ఎట్లాగూ రాడని. వచ్చాడు. డ్యూటీ దిగి రోజూ వచ్చాడు. ఆసు పోయడమంటే మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండటం. భుజాలు పడిపోతాయి. వానలు వెనకబట్టేసరికి బంతి అతను చెప్పినట్టు వినసాగింది. టీములో జాగ దొరికింది. అన్నాళ్ళూ ఆసు పోసిన నర్సింగమ్మ భుజం నొప్పి కూడా తగ్గింది, రోజారమణి ముక్కు మీది కోపం కూడా. మిగిలింది పెళ్లి మాట.

ఆ మాట తీసుకుని చిట్యాల నుంచి ప్రమోద్ వాళ్ళ బాపు జంగయ్య వచ్చాడు. వ్యవసాయం మనిషి, మగ్గం ముఖం చూసినవాడు కాదు. వెంకటనర్సుకు కులం పట్టింపు కొంత ఉండేది గానీ, కూతురి ఐదు జాగల పిచ్చి ఆయనలో అంతకంటే లోతుకు దిగింది. ఒక్క పనే వచ్చిన అల్లుడు తన ఇంట్లో నడవడని ముందే చెప్పి కూర్చోబెట్టాడు.

పెళ్లిచూపులు పద్ధతిగానే మొదలయ్యాయి, ప్రమోద్, జంగయ్య, వెంకటనర్సు కుర్చీల్లో. నేత ఆపనని నర్సింగమ్మ, కాళ్ళు మగ్గం కింది గుంతలో పెట్టుకుని, మగ్గం మీదే ఉంది. తల్లి సావిత్రమ్మ ఆసు దగ్గర. రోజారమణి చాయ పళ్లెం దించి చాప మీద కూర్చుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి.

"స్విచ్," అంది పెళ్లికూతురు, అలవాటు కొద్దీ.

వెంకటనర్సు పొయ్యి దగ్గరికి ఉరికాడు. నర్సింగమ్మ వచ్చి పెద్దమనిషి కుర్చీలో కూర్చుంది. సావిత్రమ్మ తన దారం జంగయ్య చేతిలో పెట్టి మగ్గమెక్కింది. రోజారమణి పెళ్లికొడుకు కుర్చీలోకి దూకింది. ఖాళీ కనిపిస్తే నింపమని నేర్చుకున్న ప్రమోద్, పెళ్లికూతురి చాప మీద పళ్లెం పట్టుకుని తల వంచుకున్నాడు.

నర్సింగమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "వంటొస్తదా బిడ్డా?"

"పప్పు, గుడాలు వస్తయి అవ్వా."

"ఏదీ, జర నడువు."

నడిచాడు. దూలం నుదుటికి తగిలింది. ఎత్తు ఎక్కువైనా అణకువ ఉందని నర్సింగమ్మ మెచ్చుకుంది. చిక్కుపడ్డ దారంతో కుస్తీ పడుతున్న జంగయ్య, చూపులన్నాక అడగాలి కదా అని, పిల్లతో విడిగా మాట్లాడతావా అని రోజారమణినే అడిగాడు. మాట్లాడతానంది.

పెరట్లో రంగు నూలు ఆరేసి ఉంది. అక్కడికి రాగానే ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నువ్వు మస్తు నేర్చినవ్ ప్రమోద్. గదే నాకు బుగులైతాంది."

"భయమెందుకు?"

"నేను ఏ జాగ జూపిస్తె ఆ జాగల నిలవడ్తవు. రేపు ఇంకొకలు జూపిస్తె గాడ నిలవడ్తవు. ఎవలి జాగలనన్న ఎవలన్న ఉండొచ్చని నేనే నేర్పిన. ఇంట్ల గూడ గంతేనా?"

ప్రమోద్ ఆమె కోసం నేర్చుకున్నదే ఆమెకు అడ్డమొచ్చింది. మాటల జాగలో అతనెప్పుడూ ఆడలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని "స్విచ్" అంది. అతను కదలలేదు.

"స్విచ్ అన్న," అంది గట్టిగా.

"ఇన్న."

"మరి కదలవేంది?"

"గీ ఒక్క జాగ మార్చుకోను. టీములకెల్లి తీసేస్తె తీసెయ్."

ఆమె ఏదో అనబోయింది. ఇందాకటి స్విచ్ కేక లోపలికీ వినిపించినట్టుంది. అడుగుల చప్పుడు, బిందె దొర్లిన చప్పుడు, ఆ వెనుక వెంకటనర్సు గొంతు.

"బిడ్డా, జర జల్ది రా. మీ మామ మగ్గం గుంతల ఇరుక్కున్నడు."

మీ మామ. ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని వెంకటనర్సుకు తెలుసో లేదో గానీ, రోజారమణి చెవుల దాకా ఎర్రబడింది.

"పక్కకు జరుగు, పోవాలె," అంది.

ప్రమోద్ జరగలేదు. ఆమె కూడా పోలేదు. జంగయ్య చాలాసేపు ఆ గుంతలోనే ఉన్నాడు.