తిప్పి పంపిన ఆఖరి పాఠం

“మీరు పంపిన పాఠం చూశానండీ. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం హాయిగా నిద్రపట్టింది,” అంది శిక్షణ విభాగం ఆఫీసరు.

ఆ పాఠం తయారుచేసిన డిజైనరు ముఖం చిన్నబోయింది. ప్రజల అర్జీలకు ఎలా జవాబివ్వాలో ప్రభుత్వ సిబ్బందికి కంప్యూటర్లో నేర్పే పాఠాలవి. మెచ్చుకుంటుందనుకుని పాపం కొత్త చొక్కా కూడా వేసుకొచ్చాడు.

“రూల్స్ అన్నీ పెట్టానండీ.”

“రూల్స్ మా బీరువాలోనూ ఉన్నాయి. ఎవరైనా తెరిచి చూశారా?”

వచ్చిన దారినే వెళ్లి, ఈసారి పాఠంలో కథ పెట్టాడు. కౌంటర్లో ఒక గుమాస్తా. బామ్మ పింఛను కోసం అర్జీ పట్టుకొచ్చిన ఒక అమ్మాయి. అతను మర్యాదగా మాట్లాడితేనే ఆమె మళ్లీ వస్తుంది. గడువులోగా జవాబిస్తే నవ్వుతుంది. చూసేవాళ్లు సరైన సమాధానం నొక్కితేనే కథ ముందుకు కదులుతుంది.

ఇంకేముంది, శిక్షణ అంటే ముఖం చాటేసేవాళ్లంతా తర్వాతి పాఠం ఎప్పుడని ఫోన్లు చేయసాగారు.

“మా నాన్న ఇదే శాఖలో సూపరింటెండెంటు. ఒక్క ట్రైనింగూ పూర్తిచేయకుండా రిటైరవుతానని పంతం పట్టిన మనిషి. నిన్న అన్నం చల్లారిపోతున్నా కంప్యూటర్ ముందునుంచి లేవలేదు,” అంది ఆఫీసరు. అది పొగడ్తో ఫిర్యాదో డిజైనరుకు తెలియలేదు. “అన్నట్టు, ఈ అమ్మాయి అచ్చం నాలాగే మాట్లాడుతోందేంటండీ?”

“కాకతాళీయం అండీ.”

“కళ్లజోడు కూడానా?”

“అర్జీ చదువుకోవాలి కదండీ.”

“పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మీ వ్యవహారం,” అంటూనే పాఠానికి ఆమోదం తెలిపింది.

ఇక మిగిలింది ఆఖరి పాఠం. అందులో గుమాస్తా ఆ అమ్మాయికి తన మనసులో మాట చెప్పాలి. ఆ పాఠాన్ని ఆఫీసరు ఒప్పుకుందంటే కాంట్రాక్టు అయిపోతుంది. ఆ తర్వాత ఈ ఆఫీసులో అడుగుపెట్టడానికి డిజైనరుకు సాకంటూ ఉండదు.

అదృష్టం కొద్దీ ఆమె దాన్ని తిప్పి పంపింది. ఆ ధైర్యంతో రెండోసారి కావాలనే చెత్తగా రాశాడు. గుమాస్తా చేత వెన్నెల మీద ఉపన్యాసం ఇప్పించాడు.

“ఆఫీసు టైములో వెన్నెలేంటండీ?” అని అదీ తిప్పి పంపింది.

తర్వాత గుమాస్తా వానలో తడిశాడు, కవిత చదివాడు, కళ్లు తిరిగి పడ్డాడు. ఏదీ ఆమెకు నచ్చలేదు. డిజైనరు ప్రతిసారీ ముఖం వేలాడేసుకుని బయటికొచ్చి, మెట్లు దిగుతూ ఈల వేసుకునేవాడు.

చివరికి శాఖ డైరెక్టరుకు ఓపిక నశించింది. సాయంత్రంలోగా పాఠం పెట్టి తీరాలని కబురొచ్చింది.

“ఏది పెడదామండీ?” అని అడిగాడు డిజైనరు. ఆ రోజు అతని ముఖం నిజంగానే వేలాడింది.

“మొదటిదే. ‘మీరంటే నాకిష్టం, మీ ఉద్దేశం చెప్పండి’ అంటాడే, అది. బాగుంది.”

“బాగుంటే ఎందుకు తిప్పి పంపారండీ?”

ఆమె కంప్యూటర్ వైపే చూస్తూ చెప్పింది. “ఒప్పుకుంటే మీరు మళ్లీ రారు కదా.”

ఇన్నాళ్లూ తానొక్కడే దొంగ అనుకున్నాడు అతను. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“మీరంటే నాకిష్టం అండీ. గుమాస్తా మాట కాదు, నా మాట.”

“తెలుసు. నాకూ ఇష్టమే. నాన్నకు చెప్పేశాను కూడా. ఆదివారం మిమ్మల్ని ఇంటికి తీసుకురమ్మన్నారు.”

అంత మాటా అనేసి, ఏమీ జరగనట్టు ఆఖరి పాఠానికి ఆమోదం నొక్కింది. కాంట్రాక్టు అయిపోయింది.

“మరి రేపు ఏ పనిమీద రమ్మంటారండీ?”

“ఏ పనీ లేకుండా రండి.”