కత్తిరించని కొలత

నూకరత్నం నల్లతెర మీద ఒక్క వరుస టైపు చేసింది: కుదుపు --దారాలు 64 --కాలం 4గం --అన్నీ. ఎంటర్ కొట్టి టీ కప్పు అందుకుంది. ఇక నాలుగు గంటలపాటు కుదుపు అనే ఆ పరీక్ష ప్రోగ్రాము తన పని తాను చేసుకుపోతుంది. అడుగూరిని నడిపే పాలకం అనే కంప్యూటరు నెత్తిన పనికిమాలిన పనులన్నీ కుప్పపోస్తుంది. అంత రద్దీలోనూ మాటిమాటికీ దాన్ని పిలిచి, ఎంతసేపటికి పలికిందో రాసుకుంటుంది.

పలకడం ఆలస్యమైతే కొంపలు మునుగుతాయి. భీమిలి తీరానికి దూరంగా, సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్లో తొమ్మిది వందల మంది పనిచేస్తున్నారు. వాళ్ల శిరస్త్రాణాల్లో గాలి ఒత్తిడిని సెకనుకు వెయ్యిసార్లు సరిచేసేది ఆ పాలకమే. జాప్యం వంద మైక్రోసెకన్లు దాటకూడదని చట్టం. దాటినట్టు ఒక్క నివేదిక అందినా, పాలకం ఎవరినీ అడక్కుండా పనులు ఆపేసి అందర్నీ పైకి పంపేస్తుంది. పదకొండేళ్లలో అలాంటి నివేదిక ఒక్కటీ అందలేదు.

ఎందుకు అందలేదో నూకరత్నం పనిచేసే కొలతల గదిలో అందరికీ తెలుసు. కొలతల్లో అన్నిటికంటే పెద్దదాన్ని వాళ్లు దిష్టిచుక్క అంటారు. నివేదిక పంపేముందు దాన్ని తీసెయ్యడం ఆనవాయితీ. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పేవారు. చివరికి ఆ మాట ప్రోగ్రాములోకీ ఎక్కింది.

ఒంటిగంటకు కుదుపు ఆగింది. కోటీ నలభై నాలుగు లక్షల కొలతలు. సగటు తొమ్మిది మైక్రోసెకన్లు. గరిష్ఠం నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై.

"బాగుందమ్మా, సగటు తొమ్మిదంటే మాటలా!" అన్నాడు పర్యవేక్షకుడు శరభయ్య, వెనక నిలబడి. "చుక్క తీసేసి పంపెయ్యి."

"ఇది పదింటికి పడింది సార్. షిఫ్టు మారినప్పుడు అందరి హాజరూ ఒక్కసారే ఏస్తారు కదా, అప్పుడే పడతాది. మళ్లీ రెండింటికి షిఫ్టు మారతాది."

"కోటీ నలభై నాలుగు లక్షల్లో ఒక్కటి."

"అలాటి ఒక్కటే మా అప్పలకొండ సెవుల్లో పడింది సార్."

పోయిన నెల ఆమె తమ్ముడు అప్పలకొండ షిఫ్టు మారేవేళ రెండు చెవులూ పోగొట్టుకుని పైకొచ్చాడు. శిరస్త్రాణం సరిగ్గా బిగించుకోలేదని, తప్పు అతనిదేనని కాగితం మీద రాశారు. ఆరోజు కొలత కత్తిరించింది మాత్రం నూకరత్నమే. అంతకుముందు రోజు చేసినట్టే, చూడకుండా, టీ తాగుతూ. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన చేతుల మీద తనకే అసహ్యం వేస్తుంది.

తెర అడుగుతోంది: దిష్టిచుక్క తీసెయ్యాలా? పక్కన 'అవును' అని అదే రాసిపెట్టుకుని ఉంది. ఎంటర్ కొడితే సరిపోతుంది.

ఆమె 'అవును' చెరిపేసి, 'కాదు' అని టైపు చేసి పంపేసింది.

క్షణం కూడా పట్టలేదు. గోడ మీద దీపాలు ఎర్రబడ్డాయి. అడుగూరిలో యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఆరోహణ పెట్టెల తలుపులు తెరుచుకున్నాయి. పైకి బయల్దేరినవాళ్ల సంఖ్య తెర మీద కదలడం మొదలైంది. పన్నెండు, ముప్ఫై ఆరు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" శరభయ్య తెర మీదికి వంగాడు. "వెనక్కి తీసుకో!"

"తీసుకోను."

"నీ ఉద్యోగం పోతుంది!"

"పోనీండి. మా తమ్ముడి సెవులకన్నా ఎక్కువేటి?" నూకరత్నం కుర్చీలోంచి లేచి, దాన్ని అతని వైపు తిప్పింది. "నా కొలత తప్పయితే మీరే రద్దుసెయ్యండి. మీ పేరు కొట్టి, అంతా క్షేమంగానే ఉందని మీరే రాయండి. ఆల్లని మళ్లీ కిందకి దింపండి."

రద్దు చేసే అధికారం అతనికి నిజంగానే ఉంది. తెర మీద ఖాళీ గడి అతని పేరు కోసం ఎదురుచూస్తోంది. శరభయ్య కుర్చీ వీపు పట్టుకున్నాడు. సంఖ్య రెండు వందలు దాటింది, నాలుగు వందలు దాటింది.

అతను కూర్చోలేదు.